చెవి ఆరితే చాలదు

వరంగల్, ములుగు, భూపాలపల్లి నుంచి వచ్చిన చిన్నపిల్లల వైద్యులకు, ఈఎన్‌టీ పీజీ విద్యార్థులకు నమస్కారం.

పిల్లల చెవి ఇన్‌ఫెక్షన్లకు ఏ మందు మంచిదని ఎక్కడికి వెళ్లినా అడుగుతారు. అంతకంటే ముందు తేల్చుకోవలసింది ఒకటి ఉంది. మందు పనిచేసిందని దేన్ని చూసి అంటున్నాం?

2011లో పిట్స్‌బర్గ్ పరిశోధకులు రెండేళ్లలోపు పిల్లలు 291 మందిపై చేసిన అధ్యయనం వెలువడింది. అందరికీ మధ్య చెవిలో తీవ్రమైన ఇన్‌ఫెక్షన్. కొందరికి అమాక్సిసిలిన్-క్లావులనేట్, మిగతావారికి అలాగే కనిపించే ఉత్తుత్తి మందు ఇచ్చారు. నొప్పి, ఏడుపు, జ్వరం వంటి లక్షణాలు ఏడో రోజుకల్లా తగ్గాయా అని చూస్తే అసలు మందు వాడినవారిలో 80 శాతం, ఉత్తుత్తి మందు వాడినవారిలో 74 శాతం. పెద్ద తేడా లేదు. అదే పిల్లల కర్ణభేరిని పరికరంతో పరీక్షించి, ఇన్‌ఫెక్షన్ గుర్తులు పోకపోతే చికిత్స విఫలమైనట్టు లెక్కించారు. పది పన్నెండు రోజుల నాటికి విఫలమైనవి అసలు మందు వాడినవారిలో 16 శాతం, ఉత్తుత్తి మందు వాడినవారిలో 51 శాతం. పిల్లలు వాళ్లే, మందు అదే. మొదటి అంకె చదివిన వైద్యుడు యాంటీబయాటిక్ ఎందుకంటాడు, రెండోది చదివినవాడు వెంటనే రాస్తాడు. రెండూ నిజాయితీగా తేల్చిన అంకెలే. తల్లికి రాత్రి బిడ్డ పడుకోవడం ముఖ్యం, వైద్యుడికి కర్ణభేరి ఉబ్బు తగ్గడం ముఖ్యం.

మన ప్రాంతంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఏళ్ల తరబడి చీము కారే చెవి. దీని విషయంలో గందరగోళం ఇంకా ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు వారాలు కారితే దీర్ఘకాలికమంటుంది, కొందరు ఆరు వారాలంటారు. ఫలితాన్ని ఒకరు వారానికి చూస్తారు, ఇంకొకరు నెలకు. ఇలాంటివాటిని కలిపి లెక్కవేస్తే వచ్చేది ఏమిటి?

అన్నిటికన్నా బాధాకరం, చాలా అధ్యయనాలు చెవి ఆరిందా లేదా అన్నదానితోనే ఆగిపోవడం. పరీక్షకు వచ్చిన రోజు దూది పెట్టి తీస్తే పొడిగా వస్తుంది, కాగితంపై ‘నయమైంది’ అని పడుతుంది. కర్ణభేరికి పడిన రంధ్రం అలాగే ఉంటుంది. వానాకాలం చెరువులో రెండు మునకలు వేయగానే మళ్లీ కారుతుంది. ఇక బడిలో వెనక వరుసలో కూర్చున్న ఆ పిల్లకు టీచరు మాట వినబడుతోందా? చీము కారే చెవులున్నవారిలో దాదాపు 60 శాతం మందికి వినికిడి చెప్పుకోదగినంత తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లో అంచనా వేసింది. అయినా చికిత్స తర్వాత వినికిడిని కొలిచి చెప్పిన అధ్యయనాలు బహు తక్కువ.

కీళ్లవాతం నిపుణులు ఈ చిక్కును 1992 నుంచే పట్టించుకున్నారు. ఒక జబ్బుపై ఎవరు పరిశోధించినా తప్పక కొలవవలసిన కొద్దిపాటి ఫలితాలను ముందే ఒప్పుకోవడం వారి పద్ధతి. అన్ని జబ్బులకూ అలాంటి జాబితాలను ఒకచోట చేర్చడానికి 2010లో బ్రిటన్‌లో కామెట్ అనే కార్యక్రమం మొదలైంది. జాబితా కనీస హద్దు మాత్రమే, అదనంగా ఎన్నయినా కొలుచుకోవచ్చు. కానీ దాన్ని వైద్యులే కూర్చుని రాయకూడదు. ‘పిలిస్తే పలకడం లేదు సార్’ అనే తల్లికీ అందులో చోటుండాలి.

నా మటుకు మన జాబితాలో నాలుగు ఉండాలి: ముందే నిర్ణయించిన రోజున చెవి స్థితి, రంధ్రం మూసుకుందా, వినికిడి ఎంత, ఇంట్లోవాళ్ల మాట. టింపనోమెట్రీ గీతను వినికిడి పరీక్షగా రాయకండి. అది కర్ణభేరి కదలికను చెబుతుంది, ఎంత వినబడుతుందో చెప్పదు. బడి గదిలో వినికిడి కొలిచే ఆడియోమీటర్ వాడితే చుట్టూ ఉన్న చప్పుడు స్థాయినీ నమోదు చేయండి.

పీజీ విద్యార్థులకు ఒక కోరిక. థీసిస్ ప్రణాళిక ఎథిక్స్ కమిటీకి పంపేముందే ఏ రోజున, దేనితో, ఎవరు కొలుస్తారో రాయండి. తిరిగి చూసే తేదీ మేడారం జాతర వారంలో పడకుండా చూసుకోండి, అప్పుడు ములుగు వైపు ఊళ్లలో పిల్లలు దొరకరు. రాని పిల్లల సంఖ్యను విడిగా చూపండి, వారిని నయమైనవారి లెక్కలో కలపకండి.