ఫోన్-ఇన్: పాముల జాతులు, డీఎన్‌ఏ పరీక్ష

యాంకర్: తిరుపతి నుంచి ఫోన్-ఇన్ కార్యక్రమం. పాముల వర్గీకరణ మీద పనిచేసే ప్రొఫెసర్ గారు స్టూడియోలో ఉన్నారు. మొదటి ఫోన్ చంద్రగిరి నుంచి. చెప్పండి సార్.

శ్రోత: నమస్తే సార్. మాది చంద్రగిరి పక్కన పల్లె, మామిడి తోట ఉంది. తోటలో పసరిక పాము, పచ్చగా సన్నగా, మా నాయన కాలం నుంచి చూస్తా ఉన్నాం. పక్కింటాయన అది కళ్లు పొడుస్తుందంటాడు...

ప్రొఫెసర్: వట్టి మాట. ప్రశ్న అడగండి.

శ్రోత: అదే సార్. మా పాప డిగ్రీ చదువుతోంది. ఆ పాము పేరు మార్చేశారు నాన్నా అంటోంది. పాము అదే కదా, పేరెందుకు మారుతుంది?

ప్రొఫెసర్: పాప చెప్పింది నిజమే. శ్రీలంకలోదీ మనదీ ఒకటే జాతి, శాస్త్రీయ నామం అహేటుల్లా నాసుటా అనుకునేవాళ్లం. డీఎన్‌ఏ పోలిస్తే రెండూ ఎప్పుడో విడిపోయాయని తేలింది. 2020లో ఆ పేరు శ్రీలంక పాముకే ఉంచి, మన మైదానాల్లోదాన్ని అహేటుల్లా ఆక్సిరింకా అన్నారు.

శ్రోత: డీఎన్‌ఏ కోసం పామును పట్టాలా సార్? మా తోటలోది పట్టి తెస్తే...

ప్రొఫెసర్: వద్దు! పాములు పట్టకండి. మాకు కుబుసం ముక్కో, రోడ్డు మీద చచ్చిన పామో దొరికినా పనికొస్తుంది. పైగా ఒక్క పరీక్షతో తేల్చం. కణానికి శక్తినిచ్చే భాగం మైటోకాండ్రియా, దాంట్లోని డీఎన్‌ఏ తల్లి నుంచే వస్తుంది. రెండు జాతులు ఎప్పుడో జతకట్టి సంకరమై ఉంటే అది ఒక వైపు కథే చెబుతుంది. అందుకని తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ వచ్చే, కణ కేంద్రకంలోని జన్యువులు చూస్తాం, పొలుసులూ లెక్కపెడతాం.

శ్రోత: సరే సార్. పేరు మారితే మరి ఆసుపత్రిలో ఇంజెక్షన్ మారుతుందా?

ప్రొఫెసర్: మారదు. మన దేశంలో నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ కలిపి ఒకటే విరుగుడు మందు. పసరిక పాముకు మందే అక్కర్లేదు.

శ్రోత: అంటే మారదా సార్?

ప్రొఫెసర్: మారదు అన్నానుగా. అసలు చిక్కు వేరే ఉంది. ఆ మందును పాము విషంతోనే తయారుచేస్తారు, ఆ విషం ఎక్కువగా తమిళనాడు పాముల నుంచే తీస్తారు. ఒకే జాతి రక్తపింజరి విషమైనా ప్రాంతాన్ని బట్టి తేడాగా ఉంటుంది, అందుకే మందు అన్నిచోట్లా ఒకేలా పనిచేయకపోవచ్చు. డీఎన్‌ఏ చుట్టరికం చెబుతుంది, విషం విడిగా పరీక్షించాల్సిందే.

యాంకర్: థాంక్యూ సార్. పుత్తూరు నుంచి మేడమ్.

శ్రోత: ఇంట్లో పాము కనిపించింది, ఫొటో పంపిస్తే ఏ జాతో చెబుతారా?

ప్రొఫెసర్: కొన్నింటిని చెప్పొచ్చు. ఫొటో కోసం దగ్గరికి పోకండమ్మా. అటవీ శాఖకు ఫోన్ చేయండి.

యాంకర్: పలమనేరు నుంచి. క్లుప్తంగా సార్.

శ్రోత: థాయిలాండ్ రక్తపింజరి, మనదీ ఒకటేనా?

ప్రొఫెసర్: కాదు. 2007లో వేరు చేశారు, మనది డబోయా రస్సెలీ, అటువైపుది డబోయా సియామెన్సిస్. ఏది కరిచినా కోయొద్దు, కట్టు బిగించొద్దు, పామును చంపి తేవద్దు. నేరుగా ఆసుపత్రికి...

యాంకర్: సమయం అయిపోయింది సార్. నమస్కారం.