తాళంచెవి ఎవరి జేబులో ఉండాలి?

వ్యాఖ్యాత: ఎండలు ముదరకముందే ఏసీలకు సర్వీసు చేయించుకునే రోజులివి. దుకాణాలు, ఫంక్షన్ హాళ్ల డాబాల మీద ఉండే పెద్ద యూనిట్ల గురించి మీ సందేహాలకు జవాబు చెప్పడానికి ఇంజినీరు గారు వచ్చారు. గుంటూరు నుంచి ఒక శ్రోత లైన్లో ఉన్నారు.

శ్రోత: నమస్కారమండీ. మాది మూడంతస్తుల బట్టల కొట్టు. పైన 11 టన్నుల ప్యాకేజీ యూనిట్లు, అంటే అన్ని భాగాలూ ఒకే పెట్టెలో ఉండే ఏసీలు, రెండున్నాయి. మొన్న మా కుర్రాడు కింద కొట్లో చల్లదనం సరిచేసే థర్మోస్టాట్ ఆపి, పైకి వెళ్లి, మూత విప్పి బ్లోయర్ బెల్టు చూస్తున్నాడు. కొట్లో ఉక్కపోస్తోందని గల్లా దగ్గరున్న మా బావమరిది మళ్లీ ఆన్ చేశాడు. గోరు ఊడింది. వేలు దక్కింది, అంతే.

ఇంజినీరు: దక్కింది, సంతోషం. బావమరిదిని ఏమీ అనకండి. థర్మోస్టాట్ ఆపితే మోటారు ఆగుతుంది గానీ కరెంటు ఆగదు. యూనిట్ లోపలి దాకా 415 వోల్టులు వచ్చి కూర్చునే ఉంటాయి. పక్కన కరెంటును పూర్తిగా తెంచే స్విచ్, ఐసొలేటర్ అంటారు, అది లేదా?

శ్రోత: ఎర్ర పిడి ఉన్న పెట్టేనా? ఉందండీ. తుప్పు పట్టి తిరగడం లేదు.

ఇంజినీరు: అయితే ముందు అదే మార్పించండి, సర్వీసు సంగతి తర్వాత. కొత్తదాని పిడికి తాళం కప్ప పట్టే రంధ్రం ఉండేలా చూసుకోండి. పిడి తిప్పి, పని చేసే మనిషే తాళం వేసి చెవి తన జేబులో పెట్టుకోవాలి. ఇద్దరు పనిచేస్తే రెండు తాళాలు.

శ్రోత: ఇంకో చెవి గల్లా పెట్టెలో ఉంచమంటాడు మా బావమరిది.

ఇంజినీరు: (నవ్వు) ఆ ఒక్కటి మాత్రం ఒప్పుకోకండి. తర్వాత, కరెంటు నిజంగా పోయిందో లేదో మీటరుతో చూడాలి. ముందు కరెంటు ఉన్న చోట మీటరు పెట్టి, తర్వాత యూనిట్‌లో మూడు ఫేజులూ చూసి, మళ్లీ కరెంటు ఉన్న చోట చూడాలి. చెడిపోయిన మీటరు ఎక్కడ పెట్టినా సున్నాయే చూపిస్తుంది కదా! మోటారుకు ఊతమిచ్చే కెపాసిటర్లలో కూడా కరెంటు నిలవ ఉంటుంది. కాసేపు ఆగి, రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మీటరుతో చూశాకే చెయ్యి పెట్టాలి.

వ్యాఖ్యాత: మా ఇంటికి వచ్చిన మెకానిక్ స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి ఠప్పుమనిపించాడండీ.

ఇంజినీరు: చాలామంది అంతే చేస్తారు. కళ్లలోకి నిప్పురవ్వలు ఎగిరేదాకా అది మొండి ధైర్యమని తెలియదు.

శ్రోత: యూనిట్ వేడిని బయటికి వదిలే కాయిల్‌ను కార్లు కడిగే పంపుతో కడిగించవచ్చా?

ఇంజినీరు: ఆ జోరుకు కాయిల్ మీదుండే పలచటి అల్యూమినియం రేకులు, ఫిన్‌లు, వంగి పడుకుండిపోతాయి, ఇక గాలి ఆడదు. మీ ఊళ్లో పత్తి మిల్లుల దగ్గరి యూనిట్లను చూశాను, కాయిల్‌కు దూది దుప్పటి కప్పినట్టుంటుంది. దాన్ని తడిపితే అట్టకడుతుంది. ముందు పొడిగా ఉండగానే మెత్తని బ్రష్‌తో, ఫిన్‌లు సాగిన దిశలోనే దులపాలి, అడ్డంగా కాదు. తర్వాత మామూలు గొట్టంతో లోపలి నుంచి బయటికి నీళ్లు కొట్టాలి. మోటారుకూ కరెంటు పెట్టెకూ ముందే కవరు కట్టండి. ఆమ్లం మాత్రం వద్దు.

వ్యాఖ్యాత: ఖమ్మం నుంచి మరో శ్రోత.

శ్రోత: మాది ఫంక్షన్ హాలండీ. యూనిట్ల దగ్గరికి సిమెంటు రేకుల మీదుగా నడవాలి. బోల్టుల వరుస మీద నడిస్తే చాలు అంటున్నారు.

ఇంజినీరు: నమ్మకండి. పాతబడిన రేకు ముందుగా చెప్పి విరగదు. దూలాల మీద ఆనేలా గట్టి నడక పలకలు వేయించి, భుజాలకూ తొడలకూ కట్టే సేఫ్టీ హార్నెస్‌ను రేకుకు కాకుండా గట్టి ఆధారానికి తగిలించాలి. నిచ్చెన కప్పు అంచు కంటే ఒక మీటరు పైకి ఉండాలి, దాన్ని కట్టేయాలి. ఒంటరిగా ఎవరినీ ఎక్కించవద్దు. ఎండాకాలం తొమ్మిదిలోపు దిగిపోవాలి, ఆ తర్వాత ఇనుప మూతలు చెయ్యి కాలుస్తాయి.

శ్రోత: ఏటా గ్యాసు కూడా నింపిస్తున్నాం.

ఇంజినీరు: గ్యాసు పెట్రోలు కాదండీ, ఖర్చయిపోవడానికి. ఎక్కడో కారుతోంది. నైట్రోజన్‌తో పరీక్ష చేయించండి. ఆక్సిజన్ మాత్రం ఎక్కించనివ్వకండి, కంప్రెసర్ నూనెతో కలిస్తే పేలుతుంది.

శ్రోత: ముహూర్తాలు లేని నెలల్లో మెయిన్ ఆపేస్తాం. పరవాలేదా?

ఇంజినీరు: ఆపుకోవచ్చు. కానీ అప్పుడు కంప్రెసర్ అడుగున నూనెను వెచ్చగా ఉంచే హీటరు కూడా ఆగి, గ్యాసు నూనెలో కలిసిపోతుంది. అలాగే స్టార్ట్ చేస్తే కంప్రెసర్ దెబ్బతింటుంది. పెళ్లి శనివారమైతే శుక్రవారం పొద్దున్నే మెయిన్ వేసి, ఏసీ మాత్రం ఆన్ చేయకుండా ఉంచండి.