రెండో పరీక్ష ఉందిలే అనుకునే ముందు

శ్రోతలకు నమస్కారం.

మీ ఇంట్లో సీబీఎస్ఈ పదో తరగతి పిల్లలుంటే ఈపాటికే తెలిసి ఉంటుంది. 2026 నుంచి బోర్డు పరీక్ష ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది, ఫిబ్రవరి మధ్యలో ఒకటి, మేలో ఇంకొకటి. ఈ కబురు వినగానే పిల్లల నోట వచ్చే మాట, "ఇప్పుడు కాకపోతే మేలో చూసుకుందాంలే." చిక్కంతా ఆ 'లే' దగ్గరే ఉంది.

ఫిబ్రవరి పరీక్ష అందరూ రాసి తీరాలి. మే పరీక్ష కావాలనుకున్నవాళ్ళకే. అది కూడా సైన్సు, లెక్కలు, సోషల్, భాషల్లోంచి ఎక్కువలో ఎక్కువ మూడు సబ్జెక్టులకే. పాసైనవాళ్ళు మార్కులు పెంచుకోవడానికి రాయొచ్చు. రెండింటిలో ఏది ఎక్కువైతే అదే నిలుస్తుంది కాబట్టి రాసి నష్టపోయేదేమీ లేదు. ఒకటి రెండు సబ్జెక్టులు తప్పి కంపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్ళూ అప్పుడే రాసుకోవచ్చు. కానీ ఫిబ్రవరిలో మూడు సబ్జెక్టులకో అంతకన్నా ఎక్కువకో అసలు హాజరే కాకపోతే మేలో కూర్చోనివ్వరు. ఇక మరుసటి ఏడాది ఫిబ్రవరి దాకా ఆగాల్సిందే. పైగా మేలో సిలబస్ తగ్గదు, పుస్తకం మొత్తం మళ్ళీ చదవాలి.

రాష్ట్ర బోర్డులో చదివించే తల్లిదండ్రులు దీన్ని మన సప్లిమెంటరీతో కలిపేసుకోకండి. ఎస్సెస్సీలో సప్లీ అనేది ఫెయిలైనవాళ్ళ కోసం. సీబీఎస్ఈ కొత్త పద్ధతికి దగ్గరగా ఉన్నది, పాసైనా మార్కులు పెంచుకోవడానికి మళ్ళీ రాసే మన ఇంటర్ ఇంప్రూవ్‌మెంట్.

మేలో ఎంత కష్టపడినా మారనివి ఇంకో ఇరవై మార్కులున్నాయి. ప్రధాన సబ్జెక్టుల్లో రాత పరీక్ష 80కి, బడిలోనే వేసే ఇంటర్నల్స్ 20కి. పీరియాడిక్ టెస్టులకు 5, క్విజ్, మౌఖికం లాంటి ఇతర మదింపులకు 5, ఏడాదిలో చేసిన పనులన్నీ కూర్చిన పోర్ట్‌ఫోలియోకు 5, ల్యాబ్ పనీ ప్రాజెక్టుల లాంటివాటికి 5. ఇవి ఏడాదికి ఒక్కసారే వేస్తారు, అవే రెండు పరీక్షలకూ వర్తిస్తాయి. ప్రాజెక్టు ఇవ్వాల్సిన తేదీ దాటిపోతే దాన్ని మే పరీక్ష పూడ్చలేదు. బడిలో ఇచ్చిన తేదీలను క్యాలెండర్ మీద రాసి వంటింటి గోడకు తగిలించండి. హాజరు కూడా 75 శాతం ఉండాలి. జ్వరమొచ్చి మానేస్తే సెలవు చీటీ, డాక్టరు కాగితం అప్పటికప్పుడే బడికి చేర్చండి. జనవరిలో వెతుక్కుంటే దొరకవు.

ఇప్పుడు జవాబు పత్రం సంగతి. దీని గురించి నిజానికి ఇంకా గట్టిగా చెప్పాలి. 2026 నుంచి సైన్సు ప్రశ్నపత్రం మూడు భాగాలైంది. బయాలజీకి 30 మార్కులు, కెమిస్ట్రీకి 25, ఫిజిక్సుకు 25. సోషల్ నాలుగు భాగాలు, చరిత్ర, భూగోళం, రాజనీతి, ఆర్థికం, ఒక్కోటి 20. జవాబు పత్రాన్ని కూడా అలాగే విడగొట్టుకుని, ఏ భాగం జవాబు ఆ భాగంలోనే రాయాలి. కలిపి రాస్తే ఆ జవాబు దిద్దరు, మార్కు వేయరు. తర్వాత రీవాల్యుయేషన్ అడిగినా కుదరదు.

తప్పు ఎలా జరుగుతుందంటే, బయాలజీలో ఒక ప్రశ్న గుర్తు రాక పిల్లవాడు ముందుకెళ్ళిపోతాడు. ఫిజిక్సు రాస్తుండగా అది చటుక్కున గుర్తొస్తుంది. మర్చిపోతానేమోనన్న కంగారులో ఉన్న పేజీలోనే నంబరు వేసి రాసేస్తాడు. జవాబు సరైనదే, మార్కు మాత్రం సున్నా. అందుకని వదిలేసిన ప్రశ్నకు అక్కడే నంబరు వేసి, సరిపడా చోటు వదిలి ముందుకెళ్ళడం ఇంట్లోనే అలవాటు చేయించండి.

మీకు సైన్సు రానక్కర్లేదు. పాత నోటుబుక్కులో మిగిలిన తెల్లకాగితాలు కుట్టి పుస్తకంగా ఇవ్వండి. మూడు చోట్ల పేజీ మడిచి భాగాల పేర్లు పెద్దక్షరాలతో రాయించండి. పరీక్ష మూడు గంటలు. బయాలజీకి 60 నిమిషాలు, కెమిస్ట్రీకి 50, ఫిజిక్సుకు 50 ఇస్తే, సరిచూసుకోవడానికి 20 మిగులుతాయి. గడియారం మీ చేతిలో ఉండాలి, ఫోను ఆ గదిలో ఉండకూడదు. అయ్యాక జవాబు ఒప్పా తప్పా చూడకండి, అది మేష్టారు చూస్తారు. ఏ నంబరు ఏ భాగంలో ఉందన్నది మాత్రం మీరు వేలుపెట్టి చూడండి.

ఇక ప్రశ్నల తీరు. పేపర్లో సగం మేర, నేర్చుకున్నదాన్ని కొత్త సందర్భానికి అన్వయించమనే ప్రశ్నలే. గైడు బట్టీ పడితే వీటికి అందదు. ఇంట్లో దీనికి కావలసినంత సరుకుంది. ఇత్తడి గిన్నెలో పులుసు కాయాలంటే ముందు కళాయి పూయించాలని అమ్మమ్మలు ఎందుకంటారో అడగండి. చింతపండులోని ఆమ్లం, ఇత్తడిలోని రాగి, వాటి మధ్య జరిగే చర్య, దానివల్ల పులుసులో చేరే హానికర పదార్థాలు, మధ్యలో తగరపు పూత ఎందుకన్నది, ఇదంతా పిల్లవాడు తన మాటల్లో చెప్పగలిగితే మూడు మార్కుల జవాబు తయారైనట్టే. కరెంటు బిల్లు తీసి చూపించండి. 2 కిలోవాట్ల గీజరు రోజూ అరగంట చొప్పున 30 రోజులు వాడితే ఎన్ని యూనిట్లు? 2ను అరతో హెచ్చిస్తే 1, 30 రోజులకు 30 యూనిట్లు. చాలామంది ఇక్కడ నిమిషాలను గంటల్లోకి మార్చకుండానే గుణించేస్తారు.

మొదటి ఫలితాలు వచ్చిన రోజు మాత్రం తొందరపడకండి. పక్కింటివాళ్ళ మార్కులు చూసి మూడు సబ్జెక్టులకూ దరఖాస్తు పెట్టించడం నా దృష్టిలో దండగ పని. ఇంటర్‌లోనో పదకొండులోనో ఏం చదవబోతున్నాడో ముందు చూడండి. ఎంపీసీకి వెళ్ళేవాడికి లెక్కల్లో అనుకున్నదానికన్నా బాగా తగ్గితే రాయించడంలో అర్థముంది. హిందీలో నాలుగు మార్కుల కోసం మే నెలంతా పుస్తకం పట్టించడంలో లేదు. అమ్మాయో అబ్బాయో "నాకు రాయాలని ఉంది" అంటే ఒకటే అడగండి, ఏ పాఠాల్లో మార్కులు పోయాయి అని. వేలుపెట్టి చూపించగలిగితే సరే. "మొత్తం మీద తగ్గాయి" అన్నారంటే, సంతకం పెట్టేముందు బడికెళ్ళి ఆ సబ్జెక్టు టీచరుతో ఓ పది నిమిషాలు మాట్లాడి రండి.

రాయాలని తేలితే, ఇంట్లో మోడల్ పేపరు ఉదయం పదిన్నరకే మొదలుపెట్టించండి, అసలు పరీక్ష వేళ అదే. కేంద్రానికి మాత్రం పది లోపే చేరాలి. పదింబావుకు ప్రశ్నపత్రం చేతికొస్తుంది, ఆ పావుగంట చదువుకోవడానికే, రాయడానికి కాదు. ఎండాకాలం కదా, మంచినీళ్ళ సీసా పారదర్శకంగా ఉన్నదే ఇచ్చి పంపండి.