మిద్దె ఉరుస్తోందా? డబ్బా కొనే ముందు తూము చూడండి

[మిద్దె మీద, పొద్దు వాలే వేళ]

నమస్తే అండి. అనంతపురంలో ఏడాదంతా వాన కోసం మొగులు చూస్తాం, తీరా సెప్టెంబరులో రెండు రోజులు ముసురు పడితే ఇంట్లో బకెట్లు పెట్టుకుని కూర్చుంటాం. ఆ వెంటనే పెయింట్ షాపుకు పోయి వాటర్‌ప్రూఫ్ డబ్బా తెస్తాం. ఆ డబ్బా సంగతి చివర్లో చూద్దాం.

ముందు లెక్క. 1000 చదరపు అడుగుల మిద్దె మీద 5 సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 4,600 లీటర్లు, అంటే ఓ ట్యాంకరు నీళ్లు, చాలా ఇళ్లలో అదంతా ఒకటో రెండో తూముల్లోంచే పోవాలి.

[తూము నోరు దగ్గరగా]

ఇదిగో, చుట్టూ నల్లటి మరక, ఎండి లేచిపోయిన పాచి పెచ్చులు. వాన వెలిసినా నీళ్లు ఇక్కడే నిలబడ్డాయన్నమాట. ఎందుకంటారా? పైపు నోరు స్లాబు కన్నా కాస్త ఎత్తులో ఉంది! 10 అడుగులకు అంగుళం పైచిలుకు వాటం తూము వైపు ఉండాలి, తూము నోరు అన్నిటికన్నా పల్లంలో ఉండాలి. ఇది సరిచేయకుండా ఎన్ని కోటింగులు వేసినా దండగే, నా మాట నమ్మండి.

తూము మంచుగడ్డలతో కూడా మూసుకుపోతుంది, మంచు మనకెక్కడిది అనుకోకండి. ఏప్రిల్, మే నెలల్లో గాలివానతో వడగళ్లు పడతాయి కదా, అవి వేపాకులతో కలిసి తూముకు అడ్డం పడితే చాలు. అమెరికాలో పిల్లలున్నవాళ్లు ఇది వినే ఉంటారు: ఇంటి వేడికి కప్పు మీది మంచు కరిగి, చల్లగా ఉండే చూరు దగ్గరికి రాగానే మళ్లీ గడ్డకట్టి కట్టలా నిలుస్తుంది, వెనక ఆగిన నీళ్లు పెంకుల కిందికి దూరి ఇంట్లోకి దిగుతాయి. అక్కడైనా ఇక్కడైనా పోయే దారి మూసుకుపోవడమే తంటా.

మన పాత మట్టి మిద్దెల మీద వానలకు ముందు చవుడు పోసేవాళ్లు. సోడియం ఎక్కువున్న ఆ మట్టి తడవగానే మెత్తబడి సందులన్నీ పూడ్చేస్తుంది. స్లాబుకు ఆ గుణం లేదు. 30 అడుగుల స్లాబు 30 డిగ్రీల తేడాకు ఇంచుమించు 3 మిల్లీమీటర్లు సాగి, మళ్లీ ముడుచుకుంటుంది, అందుకే పిట్టగోడ కలిసే మూలలో పగులు వస్తుంది. అందులో ఉత్త సిమెంటు మెత్తితే వచ్చే ఎండాకాలానికి మళ్లీ విచ్చుతుంది. పగులును కాస్త వెడల్పు చేసి, దుమ్ము దులిపి, సాగే గుణమున్న క్రాక్ ఫిల్లర్ నింపండి. మూలను గుండ్రంగా వాలుగా పూయించండి.

కింద చుక్క పడేచోటికి సరిగ్గా పైనే పగులు ఉంటుందని లేదు. పల్లం వైపు నుంచి మొదలుపెట్టి, కొంత కొంత భాగంలో నీళ్లు నిలబెట్టి, గంటో రెండు గంటలో ఆగి కింద చూడండి. వాన లేనప్పుడు కూడా కారుతుంటే ట్యాంకు పైపు మీద అనుమానపడండి, సోలార్ హీటర్ స్టాండు బోల్టుల దగ్గర కారేదేమో వానల్లోనే బయటపడుతుంది.

ఇక డబ్బా. మిద్దె బాగా ఆరాక, చల్లపూట, డబ్బా మీద రాసినంత వ్యవధి ఇచ్చి రెండు పూతలు. మిట్టమధ్యాహ్నం వేస్తే సరిగా పట్టకముందే ఆరిపోతుంది. కింద సీలింగు పెచ్చులూడి తుప్పు పట్టిన కమ్మీ కనబడుతుంటే మాత్రం పూతల జోలికి పోకుండా ఇంజినీరును పిలిపించండి.