టికెట్ మీద హాలు నంబరు

శ్రోతలకు నమస్కారం.

సినిమా టికెట్ చేతికి రాగానే మనం మొదట చూసేది సినిమా పేరు. తర్వాత ఆట మొదలయ్యే వేళ, ఆ తర్వాత సీటు. అదే టికెట్ మీద ఒక మూలన ఇంకో అంకె ఉంటుంది, హాలు నంబరు. లోపలికి వెళ్ళేటప్పుడు దారి వెతుక్కోవడానికి తప్ప దాన్ని ఎవరూ పట్టించుకోరు. నన్నడిగితే, ఆ రెండున్నర గంటలు ఎలా గడుస్తాయో సగం తేల్చేది ఆ అంకే. ఈ రోజు నా మాటలు ఎక్కువగా దాని చుట్టూనే తిరుగుతాయి.

పెద్ద మల్టీప్లెక్స్ అంటే ఒకే కప్పు కింద పది, పదిహేను థియేటర్లు. నడవాలో నిలబడి చూస్తే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఒకే రకం తివాచీ, ఒకే రంగు తలుపులు. తలుపు తోసుకుని లోపలికి వెళ్తే మాత్రం దేని కొలతలు దానివే. ఒకదాంట్లో నాలుగు వందల మంది కూర్చుంటారు, పక్కదాంట్లో అరవై మంది. ఒకచోట తెర గోడంతా పరుచుకుని ఉంటుంది, ఇంకోచోట గోడ మధ్యలో సర్దుకుని ఉంటుంది. ఒకే సినిమా ఒకే రోజు ఆ రెండింట్లోనూ ఆడవచ్చు. అందుకే ఫలానా మల్టీప్లెక్స్ బాగుంటుందా అని ఎవరైనా అడిగితే నేను ఒక్క మాటలో జవాబు చెప్పలేను. ఎన్నో నంబరు హాలు అని తిరిగి అడుగుతాను.

కొత్త సినిమా సాధారణంగా అక్కడున్న పెద్ద హాల్లో మొదలవుతుంది. వారం, రెండు వారాలు గడిచి జనం పలచబడేసరికి దాన్ని చిన్న హాలుకు మారుస్తారు. యుద్ధాలు, సముద్రాలు, అంతరిక్షం ఉన్న సినిమా అయితే ఆ మార్పు జరగకముందే వెళ్ళాలి. ఇద్దరు మనుషులు ఒక గదిలో కూర్చుని మాట్లాడుకునే సినిమాకు ఆ తొందర అక్కర్లేదు. అలాంటి సినిమాలను నేను చిన్న హాలుకు వచ్చేదాకా ఆగి చూసిన సందర్భాలున్నాయి. జనం తక్కువగా ఉన్న చిన్న హాల్లో ఒక నిట్టూర్పు కూడా స్పష్టంగా వినిపిస్తుంది.

ఈ ఏర్పాటు ఎలా వచ్చిందో తెలిస్తే దాని లోపం కూడా అర్థమవుతుంది. 1963లో అమెరికాలోని కాన్సాస్ సిటీలో స్టాన్లీ డర్వుడ్ అనే వ్యాపారి ఒక షాపింగ్ కేంద్రంలో రెండు తెరల థియేటర్ తెరిచాడు. రెండింటికీ ఒకే సిబ్బంది సరిపోతారన్నది లెక్క. ఆ లెక్క కుదిరింది. 1979లో టొరంటోలో ఒకేచోట 18 తెరలు వచ్చాయి, 1988లో బ్రస్సెల్స్‌లో 25. ఒకప్పుడు సినిమా సుమారు ఇరవై నిమిషాల రీళ్ళుగా వచ్చేది. ఒక రీలు అయిపోతూండగా రెండో ప్రొజెక్టర్ మీదికి మార్చడానికి ఆపరేటర్ పక్కనే కనిపెట్టుకుని ఉండాల్సి వచ్చేది. తర్వాత రీళ్ళన్నీ అతికించి, పెద్ద పళ్ళెం లాంటి చక్రం మీద చుట్టి, మొత్తం సినిమాను ఒకేసారి నడిపే పద్ధతి వచ్చింది. దాంతో ఒక ఆపరేటర్ అనేక హాళ్ళు చూసుకోగలిగాడు. డిజిటల్ వచ్చాక ఆ చక్రం కూడా పోయింది. సినిమా ఇప్పుడు కంప్యూటర్‌లో ఒక ఫైలు. ఆటలన్నీ ముందే వేళల ప్రకారం అమర్చిపెడతారు, వేళకు బొమ్మ దానంతటదే మొదలవుతుంది.

అంటే, మీరు చూస్తున్న బొమ్మను మీతోపాటు చూస్తున్న ఆపరేటర్ ప్రొజెక్టర్ గదిలో చాలాసార్లు ఉండడు. బొమ్మ మసకగా ఉన్నా, పక్కకు జరిగినా, మాటలు వినిపించకపోయినా హాల్లో కూర్చున్నవాళ్ళకు తప్ప ఇంకెవరికీ తెలియదు. మనలో ఎక్కువ మందికి ఈ సంగతి తెలియదు. ఎవరో చూసుకుంటారులే అనుకుంటాం.

నాకు ఇది ఒకసారి అనుభవంలోకి వచ్చింది. చాలా రోజులుగా ఎదురుచూసిన సినిమా అది. మొదలైనప్పటి నుంచి బొమ్మ సాయంసంధ్యలో తీసినట్టు మసకగా ఉంది. దర్శకుడు కావాలని అలా తీశాడేమో అనుకున్నాను. నా చుట్టూ ఉన్నవాళ్ళూ అలాగే అనుకుని ఉంటారు. అరగంట తర్వాత మా వరసలో ఒక పెద్దావిడ లేచి బయటికి వెళ్ళారు. కాసేపటికి తెర ఒక్క క్షణం నల్లబడింది, ఆ తర్వాత పట్టపగలులా వెలిగింది. అంతకుముందు ఆటకు వాడిన త్రీడీ అమరికను ఎవరూ తీయలేదని తర్వాత తెలిసింది. రెండు వందల మందిమి అరగంట చీకటిని భరించాం. ఆవిడ ఒక్కరే లేచారు. అప్పటి నుంచి ఏదైనా తేడాగా అనిపిస్తే నేను మొదటి ఐదు నిమిషాల్లోనే వెళ్ళి చెబుతున్నాను. తలుపు దగ్గరున్న సిబ్బందికి హాలు నంబరు, కనిపిస్తున్న తేడా, ఈ రెండూ చెబితే చాలు. నేను చెప్పినప్పుడు వాళ్ళు ఎప్పుడూ విసుక్కోలేదు, చాలాసార్లు వెంటనే సరిచేశారు.

తేడా ఎలా గుర్తుపట్టాలంటే, డిజిటల్ సినిమాకు తెర మీద తెలుపు ఇంత కాంతితో ఉండాలని ఒక ప్రమాణం ఉంది. చదరపు మీటరుకు 48 క్యాండెలాలు. మన దగ్గర కొలిచే పరికరం ఉండదు, కళ్ళున్నాయి. పగటివేళ ఆరుబయట తీసిన దృశ్యంలో ఆకాశం బూడిద రంగులో కనిపిస్తే అనుమానించవచ్చు. మనుషుల ముఖాలు సన్నగా సాగినట్టున్నా, పైన తల తెగిపోతున్నా కొలత తప్పు పెట్టారని అర్థం. మాటలు ముందునుంచి కాక పక్క గోడల నుంచే వస్తున్నాయంటే తెర వెనకున్న మధ్య స్పీకర్ పనిచేయడం లేదని అనుకోవచ్చు. అవును, తెర వెనకే. సినిమా తెర నిండా కంటికి ఆనని సన్నటి రంధ్రాలుంటాయి. వాటిలోంచే మాట బయటికి వస్తుంది. అందుకే తెర మీది మనిషి నోట్లోంచే మాట వచ్చినట్టు మనకు అనిపిస్తుంది.

ఇక సీటు. బుకింగ్ పటంలో తెర ఒక గీతలా, సీట్లు చిన్న చదరాల్లా కనిపిస్తాయి. అసలు దూరం అందులో తెలియదు. తెర వెడల్పుకు ఒకటిన్నర రెట్ల దూరంలో కూర్చుంటే బొమ్మ మన చూపులో సుమారు 37 డిగ్రీలు ఆక్రమిస్తుంది. నాకు అది హాయిగా ఉండే దూరం. దీన్ని కొలవడానికి టేపు అక్కర్లేదు. చేయి ముందుకు చాచి జాన పెట్టండి. బొటనవేలి చివర నుంచి చిటికెనవేలి చివర దాకా సుమారు 20 డిగ్రీలు ఉంటుంది. తెర రెండు జానలకు కాస్త తక్కువగా కనిపిస్తే మీరు సరైన వరసలో ఉన్నారు. ఇంకా దగ్గరగా, సినిమాలో మునిగిపోయినట్టు ఉండాలనుకుంటే రెండున్నర జానల దాకా వెళ్ళవచ్చు. తెర పై అంచు చూడటానికి మెడ ఎత్తాల్సి వస్తే మాత్రం ఆ సీటు వద్దు. గంట గడిచాక మెడ నొప్పి తప్ప సినిమా గుర్తుండదు. కెమెరా ఊగిపోయే సినిమాలకు తల తిరిగే అలవాటున్నవాళ్ళు రెండు మూడు వరసలు వెనక్కి వెళ్ళడం మంచిది. అంత దూరంలో తెర అంచులు, చుట్టూ ఉన్న చీకటి కూడా చూపులో ఉంటాయి, ఒళ్ళు తేలిగ్గా ఉంటుంది.

చాలామంది చివరి వరస కోసం పోటీ పడతారు. నేను ఒప్పుకోను. వెనక గోడకు ఆనుకుని కూర్చుంటే తల పక్కనే ఉన్న స్పీకర్ మిగతా వాటన్నిటినీ మింగేస్తుంది, గోడ దగ్గర మంద్రధ్వని పోగుపడి మాట మసకబారుతుంది. హాల్లో మొత్తం లోతులో మూడింట రెండు వంతులు వెనక్కి, అడ్డంగా సరిగ్గా మధ్యలో ఉన్న చోటు శబ్దానికి బాగుంటుంది. సినిమాకు శబ్దమిశ్రమం చేసే ఇంజినీర్లు కూడా వాళ్ళ హాల్లో సుమారు అక్కడే కూర్చుంటారు. 2012లో వచ్చిన డాల్బీ అట్మాస్ ఉన్న హాళ్ళలో పైకప్పులో కూడా స్పీకర్లుంటాయి. ఒక్కో హాల్లో 64 దాకా స్పీకర్లకు విడివిడిగా శబ్దం పంపగల ఏర్పాటు అది. వాన మీ నెత్తి మీదే పడుతున్నట్టు వినిపించాలంటే ఆ కప్పు కింద మధ్యలో ఉండాలి. పక్క గోడ దగ్గర కూర్చుంటే ఒకవైపు వాన మాత్రమే వినిపిస్తుంది.

మధ్యలో కూర్చోవడానికి ఇంకో కారణం ఉంది. త్రీడీ కోసం కొన్ని హాళ్ళలో వెండిపూత తెరలు వాడతారు. అవి కాంతిని ఎదురుగా ఎక్కువగా, పక్కలకు తక్కువగా తిప్పికొడతాయి. త్రీడీ కాని మామూలు సినిమా వేసినా, పక్క సీట్లోంచి చూస్తే తెరలో ఒక భాగం వెలుగుగా, ఇంకో భాగం మసకగా ఉంటుంది. త్రీడీ విషయంలో నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. ఆ కళ్ళద్దాల వెనక కంటికి చేరే వెలుగు మామూలు ఆటలో మూడో వంతు ఉండటం కూడా కష్టం. మొదటి నుంచీ త్రీడీ కోసమే తీసిన సినిమాకు, మంచి వెలుగునిచ్చే లేజర్ ప్రొజెక్టర్ ఉన్న హాల్లో అయితే వెళ్ళండి. తీశాక త్రీడీలోకి మార్చిన సినిమా అయితే మామూలు ఆటకే నా ఓటు.

ఎక్కువ డబ్బు తీసుకునే పెద్ద తెరల సంగతీ ఇలాంటిదే. సినిమాలు ప్రధానంగా రెండు ఆకారాల్లో వస్తాయి. ఎత్తుకు 1.85 రెట్లు వెడల్పున్నది ఒకటి, 2.39 రెట్లున్నది ఇంకొకటి. కొన్ని హాళ్ళలో రెండో రకం సినిమా మొదలయ్యే ముందు పక్కనున్న గుడ్డ తెరలు జరిగి బొమ్మ ఇంకా వెడల్పవుతుంది. ఆ క్షణం నాకు ఇప్పటికీ ఇష్టం. కొన్ని హాళ్ళలో వెడల్పు మారదు, పైనా కిందా నల్ల పట్టీలు పడి బొమ్మ చిన్నదవుతుంది. కొన్ని సినిమాల్లో కొంత భాగాన్ని ఐమాక్స్ అనే పెద్ద, ఎత్తైన తెరల కోసం ఎక్కువ ఎత్తుతో తీస్తారు. అలాంటి సినిమాకు ఆ తెర మీద అదనపు బొమ్మ నిజంగానే కనిపిస్తుంది, అదనపు ఖర్చుకు అర్థం ఉంటుంది. అలా తీయని సినిమాకు మీకు దక్కేది పరిమాణం, శబ్దం మాత్రమే. టికెట్ కొనేముందు ఆ సినిమా గురించి ఈ ఒక్క సంగతి తెలుసుకుంటే చాలు.

చెవి సరిగా వినిపించనివాళ్ళు, చూపు లేనివాళ్ళు ఇంట్లో ఉంటే ముందే అడగండి. వినికిడి యంత్రానికి నేరుగా శబ్దం పంపే ఏర్పాటు, దృశ్యాన్ని మాటల్లో వివరించే హెడ్‌ఫోన్లు కొన్ని మల్టీప్లెక్సుల్లో ఉంటాయి. అడగనిదే ఎవరూ తెచ్చి చేతికివ్వరు, ఉన్నచోట అడిగితే ఇస్తారు. చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళు శబ్దం తగ్గించడానికి పిల్లల చెవుల మీద పెట్టే కప్పులు తీసుకువెళ్ళడం మంచిది. పెద్ద సన్నివేశాల్లో శబ్దం వంద డెసిబెల్స్ దాటడం మామూలే.

ఆట మొదలయ్యే వేళకు పదిహేను నిమిషాల ముందే సీట్లో కూర్చోండి. ఎలాగూ మొదట ప్రకటనలేగా అని ఆలస్యంగా వెళ్తే చీకట్లో పది మంది మోకాళ్ళు తాకుతూ వెళ్ళాలి. పైగా మన కళ్ళు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నిమిషాలకు పైగా పడుతుంది. ప్రకటనల వేళలో ఆ పని కొంత జరుగుతుంది. మధ్యలో ఫోను తెర ఒక్కసారి చూస్తే ఆ అలవాటు చెదిరిపోతుంది, మీకే కాదు, వెనక కూర్చున్నవాళ్ళకు కూడా. వెలుగు ఉండగానే బయటికి వెళ్ళే అత్యవసర ద్వారం ఏ వైపుందో ఒకసారి చూసి పెట్టుకోండి.

సినిమా అయిపోయి పేర్లు పడుతున్నప్పుడు లేవకండి. ఆ పాటల్లో, ఆ నిశ్శబ్దంలో హాలు శబ్దం బాగా తెలుస్తుంది. దీపాలు వెలిగాక వెనక్కి తిరిగి ఖాళీ సీట్లను చూడండి. ఇంకా ఏ వరసలో కూర్చుంటే బాగుండేదో అప్పుడు స్పష్టంగా తెలుస్తుంది. ఆ వరస, ఆ హాలు నంబరు రాసి పెట్టుకోండి. నా దగ్గరున్న చిన్న పుస్తకంలో ఒక పేజీ నిండా ఇలాంటివే ఉన్నాయి. నాలుగో హాలు, హెచ్ వరస, మధ్యలో. ఏడో హాలు, జె వరస, ఎఫ్ దాటి ముందుకు వద్దు. తొమ్మిదో హాలు, తెర మసక, సిబ్బందికి చెప్పాను, మళ్ళీ వెళ్ళి చూడాలి.

నమస్కారం.