వెళ్లడం వేరు, చెప్పడం వేరు

(న్యాయ సేవల దినోత్సవ సభలో ఒక సీనియర్ న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, లా కాలేజీ పిల్లలకు, వాళ్లతో వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. అందరి పేర్లూ చదవమని నా చేతికో చీటీ ఇచ్చారు. ఇందాకే ఒకసారి చదివారు. మళ్లీ నేనూ మొదలుపెడితే ఇచ్చిన అరగంటలో పావుగంట దానికే పోతుంది. పెద్దలు క్షమించాలి.

ఇవాళ నవంబర్ 9. న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం 1995లో ఇదే రోజున అమల్లోకి వచ్చింది, అందుకే ఏటా ఈ సభ. నాకిచ్చిన అంశం ‘అరెస్టైన వ్యక్తి హక్కులు’. ఇదిగో, 14 పేజీలు రాసుకొచ్చాను. కానీ బస్సులో వస్తుంటే అనిపించింది, అసలు కథ అరెస్టుకు ముందే అయిపోతుంది కదా అని. స్టేషన్ నుంచి ఫోన్ వస్తుంది చూడండి. “ఏం లేదండీ, చిన్న ఎంక్వైరీ. ఒకసారి వచ్చి వెళ్లండి.” నేను ఆ ఫోన్ గురించి మాట్లాడతాను.

ముందు ఒక ప్రశ్న. ‘తప్పు చేయనివాడికి లాయర్ ఎందుకు’ అనుకునేవాళ్లు చేతులెత్తండి. మొహమాటం వద్దు. చూశారా, సగం హాలు. లా పిల్లల్లో కూడా నాలుగు చేతులు కనిపిస్తున్నాయి. దించండి. ఒకప్పుడు నేనూ ఎత్తేవాణ్ణే, దాని సంగతి తర్వాత చెబుతాను.

సినిమాల్లో పోలీసు బేడీలు వేస్తూ ‘మౌనంగా ఉండే హక్కు నీకుంది’ అని గడగడా చదువుతాడు. అది అమెరికా. 1966లో మిరాండా కేసులో వాళ్ల సుప్రీంకోర్టు పెట్టిన నియమం. కస్టడీలో ఉన్నవాణ్ణి ప్రశ్నించే ముందు అలా చెప్పి తీరాలి. మన స్టేషన్లో అది చదివి వినిపించే ఆచారం లేదు. అలాగని మనకు హక్కు లేదనుకోకండి. నేరారోపణ ఉన్నవాణ్ణి తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని బలవంతం చేయరాదని రాజ్యాంగం 20(3) అధికరణంలో ఉంది. అరెస్టైనవాడు తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించవచ్చని 22(1)లో ఉంది. పోలీసు అడిగినవాటికి నిజమే చెప్పాలి గానీ, తనను నేరంలో ఇరికించే ప్రశ్నలకు జవాబివ్వక్కర్లేదని పాత సీఆర్పీసీ, అంటే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, 161లో ఉండేది. 2024 జూలై 1 నుంచి కొత్త నాగరిక్ సురక్షా సంహితలో అదే 180 అయింది. నంబరు మారింది, మాట మారలేదు.

నందిని సత్పతి గారి కేసు పిల్లలకు తెలిసే ఉంటుంది. ఒరిస్సా మాజీ ముఖ్యమంత్రి. ఆమెను విజిలెన్స్ పోలీసులు కటక్‌లో స్టేషన్‌కు పిలిపించి, రాతలో ప్రశ్నల దొంతర చేతికిచ్చారు. ఆమె జవాబివ్వనన్నారు. ఇవ్వనందుకు మళ్లీ ఇంకో కేసు. 1978లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ గారు ఏమన్నారంటే, ఆ మౌనపు హక్కు కోర్టు బోనులో మొదలవదు, పోలీసు ప్రశ్నించే గదిలోనే మొదలవుతుంది. లాయర్ కావాలంటే రానివ్వాలనీ అన్నారు. ఇంకో సంగతి కూడా ఆ కేసులో తేలింది. ఆడవాళ్లను విచారణకు స్టేషన్‌కు రప్పించకూడదు, వాళ్లుండే చోటికే వెళ్లి అడగాలి. ముఖ్యమంత్రిగా చేసినావిడకే ఆ మర్యాద దక్కలేదంటే మిగతావాళ్ల సంగతి చెప్పేదేముంది.

ఇక్కడి నుంచి నా కాగితాల్లో డి.కె. బసు కేసు ఉంది, నార్కో పరీక్షల మీద వచ్చిన సెల్వి కేసు ఉంది. కాసేపు పక్కన పెడతాను. మా బావ గురించి చెప్పాలి.

మా అక్క భర్త. ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ గుమస్తా. ఊరూ సంస్థా చెప్పను, వాళ్లంతా ఇంకా ఉన్నారు. 22 ఏళ్ల కిందట ఒక సోమవారం పొద్దున ఆఫీసు తెరిస్తే క్యాష్ చెస్ట్ ఖాళీ. తాళం పగలలేదు. మధ్యాహ్నం బావకు స్టేషన్ నుంచి ఫోన్. బావ నాకు చేశాడు. “ఏమోయ్ లాయరూ, రమ్మంటున్నారు. నువ్వూ వస్తావా?” నేను కోర్టు వరండాలో ఉన్నాను, ఇంకో అరగంటలో నా కేసు పిలుస్తారు. నేనన్న మాట ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “బావా, నువ్వేం తప్పు చెయ్యలేదుగా. వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పేసి రా.”

అప్పటికి నాది తొమ్మిదేళ్ల ప్రాక్టీసు. విచారణ మధ్యలో లాయర్‌ను కలవనివ్వాలని డి.కె. బసు తీర్పు 1996లోనే వచ్చింది. దాని జిరాక్స్ నా బల్ల సొరుగులో ఉంది.

ఎస్సై చాలా మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, ఫ్యాన్ తన వైపు నుంచి బావ వైపు తిప్పించాడు. అధ్యక్షులవారు నవ్వుతున్నారు. ఆయన ముప్పై ఏళ్లు ఆ బల్లకు అవతల వైపు కూర్చుని రిటైరైనవారు, ఆ ఫ్యాన్ సంగతి ఆయనకు తెలుసు. కొడితే మనిషి బిగుసుకుంటాడు. ఫ్యాన్ తిప్పితే మాట్లాడతాడు.

“శనివారం ఎన్నింటికి బయల్దేరారు?” “ఆరింటికండీ.” రోజూ ఆరింటికే బయల్దేరతాడు కాబట్టి ఆరన్నాడు. ఆ శనివారం కరెంటు పోయి లెక్కలు ఆలస్యమయ్యాయి. వాచ్‌మన్ పుస్తకంలో 7:10 అని ఉంది. బావకు గుర్తే లేదు. మీలో ఎవరైనా పోయిన శనివారం ఎన్నింటికి ఇల్లు చేరారో చెప్పగలరా? గుర్తులేదు అనాల్సిన చోట తోచింది చెప్పాడు. మర్యాదగా అడిగితే గుర్తులేదు అనడానికి మనకు సిగ్గు.

తర్వాత తాళం మాట. “డూప్లికేట్ ఎవరి దగ్గరుంటుంది?” అది బావ వాళ్లింట్లో బీరువాలో ఉంది. అంతకుముందు ఏడాది మేనేజర్ సెలవు మీద వెళ్తూ బావకిచ్చాడు, తిరిగి అడగలేదు, బావా ఇవ్వలేదు. రాతకోతలేం లేవు. ఎస్సై అడగ్గానే బావ ఉత్సాహంగా చెప్పాడు. “మా ఇంట్లోనే ఉందండీ, రండి చూపిస్తాను.” సాయం చేస్తున్నాననుకున్నాడు పాపం. అదీ గంటన్నరలో. నా కేసు ఇంకా పిలవనే లేదు.

సాయంత్రానికి అరెస్టు చూపించారు. మర్నాడు పొద్దున ఇద్దరు మధ్యవర్తులను వెంటబెట్టుకుని ఇంటికొచ్చారు. బావే బీరువా తెరిచి, అక్క పట్టుచీరల కింద నుంచి తాళం తీసి ఇచ్చాడు. పంచనామా రాశారు, ‘ముద్దాయి చూపించగా స్వాధీనం చేసుకున్నాము’ అని. అక్క గుమ్మంలో నిలబడి ఉంది. వీధి వీధంతా నిలబడి ఉంది.

లా పిల్లలూ, ఇక్కడ రాసుకోండి, ఇది పరీక్షలో రాకపోయినా జీవితంలో వస్తుంది. పోలీసుకు చెప్పిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు, నిజమే. పాత సాక్ష్య చట్టంలో 25, ఇప్పుడు సాక్ష్య అధినియమంలో 23. దాన్ని పట్టుకుని ‘ఏం చెప్పినా ఫరవాలేదు’ అనుకుంటారు. కానీ కస్టడీలో ఉన్నవాడు చెప్పిన మాట వల్ల ఒక వస్తువు బయటపడితే, ఆ వస్తువును చేర్చిన మాట వరకు చెల్లుతుంది. అది పాత 27, ఇప్పుడు 23 కిందే మినహాయింపుగా పెట్టారు. బావను పట్టించింది ఆ మినహాయింపు. ఆరింటికి బయల్దేరానన్న మాట విచారణలో సాక్ష్యం కాదు. అయినా రిమాండ్ రిపోర్టులోకి ఎక్కింది, ‘పొంతన లేని సమాధానాలు చెబుతున్నాడు’ అని. బెయిల్ పిటిషన్ పెట్టిన ప్రతిసారీ ఆ వాక్యం ఎదురొచ్చేది. 38 రోజులు లోపలున్నాడు. వాంగ్మూలం మీద సంతకం కూడా పెట్టాడు. పెట్టించుకోకూడదు, పాత సీఆర్పీసీ 162లో మొదటి మాటే అది, ఇప్పటి సురక్షా సంహితలో 181. ఎస్సై పెన్ను ఇచ్చాడు, ఈయన పెట్టాడు.

ఏడేళ్ల తర్వాత కేసు కొట్టేశారు. మేనేజరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ‘తాళం నేనే ఇచ్చాను’ అన్నాడు. ఆ ఒక్క జవాబుకు మూడు నిమిషాలు పట్టింది. అడిగింది నేను కాదు, నా సీనియరు. ఆ కేసు చేయడానికి నాకు మొహం చెల్లలేదు. బావ నన్ను ఒక్క మాటా అనలేదు. అక్క మాత్రం రెండేళ్లు నాతో మాట్లాడలేదు, మాట్లాడిన రోజున అడిగింది ఒకటే. “నీ దగ్గరకొచ్చే క్లయింట్లకు కూడా అలాగే చెబుతావట్రా?”

చెప్పను. క్లయింట్లకు ఎప్పుడూ అలా చెప్పలేదు.

టైమైపోతోందని చీటీ వచ్చింది. కాస్త ఓర్చుకోండి, అసలు పని మిగిలిపోయింది. పోలీసులు చెడ్డవాళ్లని నేనంటున్నానని బయటకెళ్లి చెప్పకండి. దొంగతనం జరిగితే మీరే వెళ్లి ఫిర్యాదు ఇవ్వాలి, కళ్లతో చూసింది చెప్పాలి. పేరు, చిరునామా అడిగితే చెప్పండి. నోటీసు ఇస్తే, కొత్త సంహితలో 35(3) కింద ఇస్తారు, వెళ్లి తీరండి, వెళ్లకపోతే అరెస్టు చేయొచ్చు. వెళ్లడం వేరు, చెప్పడం వేరు. మౌనం హక్కు, అబద్ధం హక్కు కాదు. ఈ రెండూ కలిపేసుకుని లేనిపోనివి చెప్పి ఇరుక్కున్నవాళ్లను చాలామందిని చూశాను.

లాయర్ వచ్చినా పక్కనే కూర్చోనిస్తారా అంటారు. చట్టంలో అరెస్టైనవాడు విచారణ సమయంలో లాయర్‌ను కలవొచ్చు, ‘అయితే విచారణ సాగినంతసేపూ కాదు’ అని రాశారు. పాత సీఆర్పీసీలో 41డి, ఇప్పటి సంహితలో 38. ఆ తోక మీద నాకు పాతికేళ్ల కోపం. చాలాచోట్ల కనిపించేంత దూరంలో బెంచీ వేస్తారు, మాట మాత్రం వినపడదు. నేను అలాంటి బెంచీల మీద రాత్రిళ్లు గడిపాను. అయినా వెళ్లండి పిల్లలూ. బయట నల్లకోటు ఒకటి కూర్చుని ఉందని లోపల తెలిస్తే ప్రశ్న అడిగే తీరే మారుతుంది. ఆ రోజు నేను వెళ్లి ఆ బెంచీ మీద కూర్చుని ఉంటే, ‘రండి చూపిస్తాను’ అనే ముందు బావ ఒకసారి తల తిప్పి చూసేవాడు.

డబ్బుల్లేనివాళ్లు ఏం చేయాలని వెనక నుంచి అడిగారు, మంచి మాట. కస్టడీలో ఉన్నవాడికి, ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. న్యాయ సేవల ఫోన్ 15100. ఫోన్‌లో కాదు, ఇంటి గోడ మీద రాసుకోండి. స్టేషన్‌కు వెళ్లేసరికి ఫోన్ మన చేతిలో ఉండదు.

ఇంక ఒక్క వాక్యం నేర్పి దిగిపోతాను. పుస్తకంలో చదివితే నోటికి రాదు, టెన్షన్‌లో అసలే రాదు. అందుకే ఇక్కడే అందరం కలిసి అందాం. గొంతు పెంచకూడదు, వెటకారం ఉండకూడదు. “సార్, మా లాయర్ వచ్చాక చెబుతాను.” ఏదీ, అనండి.

ముందు వరుస బాగుంది. ‘సార్’ మింగేస్తున్నారు, అది ముఖ్యం. మళ్లీ.

ఇందాక చేతులెత్తిన ఆ నలుగురూ, మీ గొంతు నాకు వినపడలేదు. మీరొక్కరే అనండి ఇప్పుడు.