చెవిన పడిన పాట, చెవి ఒగ్గి విన్న పాట

సభలోని పెద్దలకు, సోదర సోదరీమణులకు నమస్కారం. అస్సలాము అలైకుమ్.

సుప్రభాతంతో మేలుకొనే తిరుపతిలో, గాంధీ రోడ్డు మీదుగా నడిచిపోయే ముస్లిం యువకుడి చెవిన ఒక అన్నమయ్య కీర్తనో, పెళ్లి ఊరేగింపులోని మేళమో పడక తప్పదు. అందువల్ల అతడికి పాపం అంటుతుందా అని ఇక్కడి యువకులు తరచుగా అడుగుతారు. ఈ ప్రశ్నకు మాత్రం జవాబు సులభం. పిల్లనగ్రోవి వినబడగానే ప్రవక్త సహచరుడు ఇబ్నె ఉమర్ తన చెవులు మూసుకొని దారి మళ్లారనీ, వెంట ఉన్న శిష్యుడు నాఫేను మాత్రం ఇంకా వినబడుతున్నదా అని అడుగుతూ వచ్చారనీ అబూ దావూద్ సంకలనంలో ఒక హదీసు (ప్రవక్త మాటలను, చేతలను తెలిపే కథనం) ఉంది. దాని ప్రామాణికతపై చర్చ ఉన్నప్పటికీ, సంగీతం విషయంలో అతి కఠినుడిగా పేరుపడిన మధ్యయుగ పండితుడు ఇబ్నె తైమియా సైతం దానిని వివరిస్తూ, కోరకుండా చెవిన పడినదానికి దోషం లేదనీ, కోరి వినడమే విచారణకు వచ్చే విషయమనీ తేల్చారు.

అసలు చిక్కు కోరి వినడం దగ్గరే మొదలవుతుంది. సంగీతాన్ని పేరు పెట్టి నిషేధించిన ఆయతు (వాక్యం) ఖుర్‌ఆన్‌లో లేదు. నిషేధించేవారు ముందుగా చూపేది సూరా (అధ్యాయం) లుఖ్మాన్‌లోని ఆరవ ఆయతు. జ్ఞానం లేకుండా జనాన్ని అల్లాహ్ మార్గం నుంచి తప్పించడానికి కాలక్షేపపు మాటలను కొనేవారిని అది హెచ్చరిస్తుంది. ప్రవక్త సహచరుడైన ఇబ్నె మస్ఊద్ ఆ మాటలంటే పాటే అని ప్రమాణం చేసి చెప్పినట్టు తఫ్సీర్ (ఖుర్‌ఆన్ వ్యాఖ్యాన) గ్రంథాలలో ఉంది. ఆయన మాటను తేలికగా తీసివేయడం ఎవరికీ తగదు. అయితే స్పెయిన్‌లోని కార్డోబాకు చెందిన పండితుడు ఇబ్నె హజ్మ్ (994–1064), ఆయతులోని నిందంతా దారి తప్పించే ఉద్దేశానికే చెందుతుందనీ, ఆ ఉద్దేశంతో ఒకడు ఖుర్‌ఆన్ ప్రతినే కొన్నా అవిశ్వాసి అవుతాడనీ వాదించారు. ఈ వాదం నాకు బలంగానే కనిపిస్తుంది.

ఆయన రెండవ వాదం గురించి అలా అనలేను. వ్యభిచారాన్ని, పట్టును, మద్యాన్ని, వాద్యాలను ధర్మసమ్మతం చేసుకొనేవారు నా సముదాయంలో పుడతారని ప్రవక్త చెప్పిన హదీసు బుఖారీ సంకలనంలో ఉంది. బుఖారీకీ, ఆయన పేర్కొన్న కథకుడు హిషామ్ ఇబ్నె అమ్మార్‌కూ మధ్య హదీసును చెప్పినవారి పరంపర తెగిందని ఇబ్నె హజ్మ్ దానిని తోసిపుచ్చారు. కానీ తర్వాతి కాలపు హదీసు పండితుడు ఇబ్నె హజర్ అస్ఖలానీ అదే హదీసు ఇతర మార్గాలలో తెగకుండా వచ్చిందని చూపించారు. కాబట్టి హదీసు నిలుస్తుంది; వాద్యాలు స్వతహాగా నిషిద్ధమా, మద్యపు గోష్ఠులతో ముడిపడినందువల్లనా అన్న ప్రశ్న మిగులుతుంది. తంత్రీ వాద్యాలపై, పిల్లనగ్రోవులపై నిషేధానికి ఆ సాంగత్యమే కారణమని ఇమామ్ గజాలీ (మరణం 1111) రాశారు.

ఈద్ నాడు ప్రవక్త భార్య ఆయిషా గారి ఇంట ఇద్దరు బాలికలు దఫ్ (చేత పట్టి వాయించే తోలు వాద్యం) వాయిస్తూ, బుఆస్ యుద్ధపు పాటలు పాడుతూ ఉండగా ఆమె తండ్రి అబూబక్ర్ గద్దించారు. ప్రవక్త, వారిని వదిలిపెట్టు, ప్రతి జాతికీ ఒక పండుగ ఉంటుంది, ఇది మన పండుగ అన్నారు. నిషేధించేవారు దీనిని పండుగకూ, చిన్నపిల్లలకూ, దఫ్‌కూ పరిమితమైన మినహాయింపు అంటారు. అనుమతించేవారు, పాట స్వతహాగా హరామ్ (నిషిద్ధం) అయితే ప్రవక్త ఇంట అది ఏ రోజైనా ఎలా సాగుతుందని అడుగుతారు.

నాలుగు మజహబుల (సున్నీ ధర్మశాస్త్ర సంప్రదాయాల) పండితులలో అధికుల తీర్పు తంత్రీ, సుషిర (ఊది వాయించే) వాద్యాలకు వ్యతిరేకంగానే ఉంది. దీనిని దాచి మాట్లాడటం నిజాయితీ కాదు. మన రాయలసీమ ముస్లిములలో ఎక్కువమంది అనుసరించే హనఫీ మార్గమూ ఇందులోనిదే. మరోవైపు, 1958 నుంచి 1963 వరకు ఈజిప్టులోని అల్ అజ్హర్ విద్యాపీఠానికి అధిపతి అయిన షేఖ్‌గా ఉన్న మహమూద్ షల్తూత్, ఆ తర్వాతి కాలంలో పండితుడు యూసుఫ్ ఖర్దావీ, అశ్లీలం, మద్యం లేని, నమాజును మరపించని పాటకు అనుమతి ఇచ్చారు. తీవ్రమైన నిషేధం చెప్పే నోళ్లు, కడప అమీన్ పీర్ దర్గా వంటి చోట్ల వినవచ్చే ఖవ్వాలీని ఏమంటాయో మీకు తెలుసు. అయినా చిష్తీ సూఫీ గురువులు సమాకు (భక్తి గానం వినే గోష్ఠికి) వేళనూ, చోటునూ, తోడివారినీ బట్టి షరతులు పెట్టారన్నది ఖవ్వాలీ అభిమానులు కూడా మరచిపోయే విషయం.

బ్రతుకుతెరువు సంగతి వేరుగా చూడాలి. షేక్ చిన మౌలానా (1924–1999) వంటి నాదస్వర విద్వాంసులు ముస్లిం కుటుంబాల నుంచే వచ్చారు. తరాలుగా ఆ వాద్యమే అన్నం పెట్టిన ఇంటివారికి, ప్రత్యామ్నాయం చూపకుండా ఒక్క మాటలో హరామ్ అని చెప్పి చేతులు దులుపుకొనే ముఫ్తీ (ధర్మతీర్పు చెప్పే పండితుడు), ప్రశ్నలో సగమే విన్నవాడు.

చివరగా, చిత్తూరు పెళ్లిళ్లలో బ్యాండు పెట్టించవచ్చా అని ముందుగా చీటీ రాసి పంపినవారికి జవాబు. పెళ్లిలో దఫ్ వాయించడానికి అభ్యంతరం చెప్పేవారు తక్కువ. మదీనావాసులైన అన్సార్‌ల పెళ్లికి వధువును పంపిన సందర్భంలో, వారికి వేడుక ఇష్టం కదా, మీ దగ్గర ఏ వేడుకా లేదా అని ప్రవక్తే ఆయిషా గారిని అడిగారు. బ్యాండు మేళానికి హనఫీ ముఫ్తీలలో అధికులు ఒప్పుకోరు. ఎవరి తీర్పును అనుసరించినా, ఆడపిల్ల తండ్రి అప్పు చేసి ఆ బ్యాండు పెట్టించడాన్ని మాత్రం ఏ పక్షమూ సమర్థించదు.